“ఇంట్లోకి” అని అడిగిన చెక్క

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటేడు. ఖరగ్‌పూర్ గోల్‌బజార్లో మాది మూలికల దుకాణం. మూలాలు అమ్మేవాణ్ని గాని రోగం మూలం అడిగేవాణ్ని కాదు. అదే మర్యాద అనుకునేంత తెలివి నాది.

ఆడవాళ్ల జబ్బులకు మా కొట్టుకు మగవాళ్లే వస్తారు. గొంతు తగ్గించి “ఇంట్లోకి” అంటారు. తెల్లబట్ట కాబోలనుకుని లొద్దుగ చెక్క, త్రిఫల పొట్లం కట్టేవాణ్ని. కాచి, చల్లార్చి, వడగట్టి పైపైన కడుక్కుంటే దురద, మంట నెమ్మదిస్తాయి. లొద్దుగ వగరుకు ఆ గుణముంది.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ సింహాచలం అలాగే పట్టుకెళ్లేవాడు. ఒక సాయంత్రం అతని భార్య గౌరి తాల్‌బగీచా నుంచి తనే వచ్చింది.

“ఏటి దాదా, నీ చెక్కతో కడిగీ కడిగీ నా సేతులు వగరెక్కిపోనాయి. తెల్లబట్ట మాత్రం తగ్గనేదు. పిల్లల కోసం సూస్తన్నోళ్లం, భయమేస్తంది!”

పక్క కొట్టులో బేరాలు ఆగిపోయాయి. నేను త్రాసులో తల దూర్చి, అలవాటుగా మళ్లీ అదే పొట్లం కట్టాను. ఆమె మాత్రం తల దించలేదు. తన జబ్బును దాని పేరుతో పిలిచిన మనిషిని మా కొట్టులో చూడటం అదే మొదలు.

లోపల ఉసిరి వరుగులు ఏరుతున్న మా ఆవిడ లేచి వచ్చింది.

“జొరం వస్తందేటమ్మా?”

“సాయంత్రమైతే కాస్తంది వదినా. పొత్తికడుపు పట్టేస్తంది.”

“వాసనో?”

“అదీ ఉంది. మా ఇంటాయనకి అన్నీ సెప్పినాను. ఇక్కడ సెప్పనేదేటి?”

మా ఆవిడ నేను కట్టిన పొట్లం విప్పి చెక్కను మళ్లీ డబ్బాలో పోసేసింది. “దీనికిది సాలదు. పద, ఆస్పత్రికి నానూ వస్తాను.”

పెల్విక్ ఇన్‌ఫెక్షన్ అన్నారట డాక్టరమ్మ. అంటే వాపు గర్భసంచి గొట్టాల దాకా పాకడం. ఇంకా నానిస్తే ఆ గొట్టాలు మూసుకుపోయే ప్రమాదముందట. మాత్రలు మొగుడికి కూడా రాశారు. గౌరి కోలుకుంది.

ఇప్పుడు పొట్లం కట్టే ముందు జ్వరం, నొప్పి, వాసన అడుగుతాను. ఏ ఒక్కటున్నా ఆస్పత్రి దారి చూపిస్తాను. చెక్క మీద నా నమ్మకం చెక్కుచెదరలేదు. నోరు మూసుకునే మర్యాద మీదే పోయింది.

మొన్న సింహాచలం వచ్చాడు. స్టూలు చూపిస్తే కూర్చోలేదు.

“మొలలకేటైనా ఇయ్యి దాదా,” అని గొంతు తగ్గించాడు. “ఇంట్లోకి.”

“ఠీక్ హై. గౌరమ్మనే ఓపాలి పంపించు. మొలలున్న మనిషిని అడక్కండా నాను ఇవ్వను,” అన్నాను, కాస్త గట్టిగానే.

పక్క కొట్టులో బేరాలు మళ్లీ ఆగిపోయాయి.

“నాకే దాదా,” అన్నాడు సింహాచలం.