ఇటలీ పత్రికలోని వట్టికాళ్ళ సిపాయి

చైనా యుద్ధం రోజుల్లో బందరు బందరంతా కడుపుబ్బ నవ్విన కార్టూను నాదే. కోనేరు సెంటర్లో గోడకి అంటిస్తే బస్సులు ఆగిపోయాయి.

బస్సులు ఎలాగూ అక్కడ ఆగుతాయి. నవ్వింది ఓ పాతికమంది. అసలు బొమ్మే నాది కాదు.

అది మా పక్కింటి మావయ్యది. చుట్టరికం లేదు, పిలుపే. అంతకు ముందరి పెద్ద యుద్ధంలో ఎడారిలో ఇటలీవాళ్ళకి పట్టుబడి, వాళ్ళ దేశంలో ఖైదులో ఉండి వచ్చిన మనిషి. అక్కడి బొమ్మల పత్రికలోంచి చింపిన కాగితం ఒకటి ఆయన బైబిల్లో ఉండేది. తలపాగా సిపాయి ఒకడు బూట్లు వదిలేసి, ఇసుకలో వట్టికాళ్ళతో పారిపోతుంటాడు. మనవాళ్ళు పిరికివాళ్ళని తమ జనాన్ని నవ్వించడానికి వేసింది. కాపలావాడు పగలబడి నవ్వుతూ చూపించాడట.

"ఇలాంటిది దాచుకున్నారేంటి మావయ్యా?" అన్నాను.

"మోపిదేవి వాడొకడు నాతో ఉండేవాడ్రా. నా బూట్లు చిరిగిపోతే తనవి విప్పి ఇచ్చాడు. ఆ పూటే వట్టికాళ్ళతో చచ్చిపోయాడు. వాడి ఫొటో ఒక్కటీ లేదు. ఇటలీవాడు తలపాగా చుట్టాడు గానీ, ఆ కాళ్ళు మావాడివే."

యుద్ధనిధికి చందాలు పోగుచేసేవాళ్ళు జనాన్ని ఆపే బొమ్మ ఒకటి కావాలన్నారు. "చూసి ఇస్తానండీ" అని మావయ్య దగ్గర్నుంచి ఆ కాగితం తెచ్చాను. నేను అప్పట్లో కలంకారీ షెడ్డులో అచ్చుచెక్కల మీదికి నమూనాలు దించేవాణ్ణి. కాగితం మీది గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, పైన బొగ్గుపొడి మూట అద్దితే కిందికి బొమ్మ దిగుతుంది. ముందు నకలు తీసుకుని దాన్ని పొడవాలి. షెడ్డులో ఇచ్చిన కాగితాన్నే పొడిచే చేతి అలవాటు, అసలుదాన్నే పొడిచేశాను. తలపాగా బదులు చైనా టోపీ పెట్టాను.

నవ్వేవాళ్ళ మధ్య మావయ్య వచ్చి నిలబడ్డాడు.

"టోపీ మార్చావు. కాళ్ళు మార్చడానికి చెయ్యి రాలేదా?"

సాయంత్రం కాగితం తిరిగి ఇచ్చాను. మడత విప్పగానే చిల్లుల వెంట చిరిగి, ఆ రెండు కాళ్ళూ విడిగా ఆయన అరచేతిలో పడ్డాయి.

"పోన్లేరా," అని నా భుజం తట్టాడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను.

ఇక్కడిదాకా రాసి మావయ్య కూతురికి చదివి వినిపించాను. ఆ సాయంత్రం తనూ అక్కడే ఉంది.

"నాన్న పోన్లే అనలేదు బావా," అంది. "అసలేమీ అనలేదు. నీ భుజం మీద చెయ్యేసింది నేను, గడప అవతలికి నెట్టడానికి."