లైన్లో ముందున్నవాడు

కరీంనగర్ బస్టాండు ఎదుటి ఆటో అడ్డాలో ఇనాయతుల్లా మాటే చట్టం. లైన్లో ఎవడి బండి ముందుంటే నంబర్ వాడిది, వచ్చిన గిరాకీ వాడికే దక్కాలి. వెనక నుంచి ఎవడైనా చెయ్యి ఊపి ప్యాసింజర్ని లాక్కున్నాడా, వాడి ఏడు తరాలనూ కడిగిపారేసేవాడు. సొంత బామ్మర్ది లైను తప్పితే వాడినీ అడ్డా నుంచి తరిమేశాడు. కోపిష్టే గానీ, న్యాయం తప్పే మనిషి కాదు.

ఆ న్యాయం అలాగే ఉంది, గిరాకీ పోయింది. ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమయ్యాక సుల్తానాబాద్ వైపు ఆటో ఎక్కేవాళ్లే కరువయ్యారు. ఊళ్లో తిరిగేవాళ్లేమో ఫోనులోనే ఆటో పిలుచుకుంటున్నారు.

"ఈ నెల చూస్త. గిట్లనే ఉంటె బండి అమ్ముడే," అన్నాడు భార్య ఫిర్దోస్‌తో. బండి తప్ప అతనికి మరో పని రాదు. ఈ వయసులో ఎవరి దుకాణం ముందో వాచ్‌మన్‌గా కూర్చోవాలన్న తలపుకే ప్రాణం ఉసూరుమనేది.

డిగ్రీ చదువుతున్న కూతురు తహసీన్ తండ్రి ఫోటో తీసి, లైసెన్సూ బండి నంబరూ ఎక్కించి, ఆయన ఫోనులో కూడా ఆటో పిలిచే ఆ యాప్ పెట్టింది. "మోగితే పచ్చది నొక్కు అబ్బూ, అంతే," అంది.

అంతే అయితే ఎంత బాగుండేది!

మర్నాడు పొద్దున అలవాటుగా వెళ్లి లైను చివర బండి పెట్టాడు. అందరికన్నా ముందు ఎల్లేశం ఉన్నాడు. పాపం, ఇంకా బోణీ కాలేదు. టీ కూడా తాగకుండా రోడ్డు వైపే చూస్తున్నాడు. అంతలో ఇనాయతుల్లా ఫోను మోగింది. పచ్చది నొక్కాడు. ఎవరో అమ్మాయి, కోర్టు దగ్గర ఎక్కి రేకుర్తిలో దిగాలట. బండి కదిలించబోయి తలెత్తేసరికి లైను మొదట ఎల్లేశం వీపు కనిపించింది. బండి ఆపేశాడు. ఇన్నేళ్లుగా తను తిట్టినవాళ్లందరూ ఇప్పుడు తననే చూస్తున్నట్టనిపించింది.

దిగి వెళ్లి ఎల్లేశం చేతిలో ఫోను పెట్టాడు. "అన్నా, నంబర్ నీది. నువ్వే పో."

"మోగింది నీ ఫోన్ గద ఇనాయత్ భాయ్. నేనెట్ల పోత?"

"ఫోన్ ఎవలదైతేంది? లైన్ల ముందున్నదెవలు? మాట్లాడక పో!"

అడ్డా అంతా శభాష్ అంది. కాసేపటికే ఎల్లేశం ఖాళీ బండితో తిరిగొచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పోరి ఎక్కలే భాయ్. ఫోటోల ఒకలు, బండ్లె ఒకలు, నువ్వెవలని అడిగింది. నేను చెప్పేలోపే భయపడి ఉరికింది."

ఆ తర్వాత ఫోను మోగలేదు. ఇంటికి వెళ్లాక తహసీన్ చూసి చెప్పింది. ఆ అమ్మాయి ఫిర్యాదుతో, తన బదులు వేరే మనిషిని పంపినందుకు అబ్బూని యాప్ నుంచి తీసేశారు, మళ్లీ చేర్చుకోరు. సాయం కోసం ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, మళ్లీ మొదటికొచ్చింది.

"జర మనిషిని పిలువు బేటా, నేను చెప్త."

"మనిషి లేడు అబ్బూ."

అయినా ఫోను లాక్కొని, "నంబర్ ఎల్లేశందయ్యా!" అని అరిచాడు. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

"దొంగతనం చేసిన్నా? లైన్ల ఉన్నోనికిచ్చిన!" అన్నాడు కూతురి వైపు తిరిగి.

తహసీన్ తల వంచుకుంది. "నేను ఆటో పిలిస్తె, ఫోటోల లేని మనిషి వేరే బండితోని వస్తె, నన్ను ఎక్కమంటవా అబ్బూ?"

అడ్డాలో ఎంతటి తగాదానైనా తీర్చే మనిషి, లాక్కున్న ఫోను కూతురి చేతిలో పెట్టేశాడు. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు, ఎల్లేశం మీదా రాలేదు. కోపిష్టికి కోపం పెట్టుకునే చోటు దొరక్కపోవడం కన్నా నరకం ఉంటుందా? ఫిర్దోస్ అన్నం పెడితే కలిపి, అలాగే వదిలేసి లేచాడు.

తెల్లారి అడ్డాకు వెళ్తే ఎల్లేశం తన బండిని ముందు నుంచి తీసి, తోసుకుంటూ లైను చివరకు తీసుకెళ్తున్నాడు.

"ఇయ్యాల నంబర్ నీది భాయ్. నా మీద ఒట్టు, ముందు పెట్టు."

మిగతావాళ్లూ పక్కకు జరిగారు. మరో రోజైతే అందరినీ తిట్టి చివరకే పోయేవాడు. ఆ రోజు తిట్టలేదు, వద్దనలేదు. తలవంచుకుని బండిని ముందుకు తెచ్చాడు. సుల్తానాబాద్ బస్సులు నిండుగా వెళ్తూనే ఉన్నాయి. బస్టాండులోంచి వచ్చినవాళ్లు ఫోను చూసుకుంటూ అడ్డా దాటి, ఎక్కడి నుంచో వచ్చిన ఆటోలు ఎక్కి వెళ్లిపోయారు.

పొద్దుగూకేదాకా మొదటి నంబర్ ఇనాయతుల్లాదే.