ఎర్రగీత కింద పేరు

పొద్దున ఆరు. అక్టోబరు వాన. హిలారి దుదెక్ కడుపు కాలుతున్నా పంది కొవ్వు రాసిన రొట్టె ముట్టలేదు. ఇరవై ఏళ్లుగా ఆ పాత పెద్ద బడి గదుల్ని వెచ్చబెట్టే బాయిలరులో బొగ్గు వేసేది అతనే. గోడ మీది పాత విద్యార్థుల ఫొటోలన్నీ తుడిచి, 1951లో చదువు ముగించిన వాళ్లది మాత్రం రెండుసార్లు తుడుస్తాడు. అందులో అతని మొహం ఉండాల్సిన చోటు ఖాళీ. ప్రభుత్వానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచాడని ఆఖరి పరీక్షకు నెల ముందు వెళ్లగొట్టారు. "టై కట్టావేమయ్యా, బొగ్గుతో పెళ్లా?" అంది ఊడ్చే గెన్యా. "ఇవాళ మా తరగతి వాళ్లు వస్తున్నారు. పాత పట్టీ తీసి హాజరు పిలుస్తారు." "నీ పేరు ఎర్రగీత పెట్టి కొట్టేశారుగా!" "కొట్టేసినా కనబడుతుందిలే."

నెరిసిన తలలు తరగతి గదిలో పాత బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నాయి. హిలారి బొగ్గు బకెట్‌తో గుమ్మంలో నిలబడ్డాడు. ముసలి మాస్టారు పిలిచాడు. "చెర్నిక్!" "హాజరు!" "దొమాన్‌స్కి!" "పోయాడండీ." మాస్టారి వేలు ఎర్రగీత దగ్గర ఆగింది. తలెత్తి గుమ్మం వైపు చూశాడు. హిలారి నోరు తెరిచాడు. "ఫ్రాన్‌కోవ్‌స్కి!" అన్నాడు మాస్టారు.

హిలారి కిందికి దిగి, బాయిలరు నిండా బొగ్గు వేసి, తాళాలు మేకుకు తగిలించి, గెన్యాకు కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ తరగతి గది సాయంత్రం దాకా వెచ్చగానే ఉంది.