ఉస్తాద్ చాయ్‌కి పంపిన వేళ

పైకి ఎట్లా రావాలని కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను అడుగుతుంటారు. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, మెత్తగా చెప్పడం నాకు రాదు. అసూయ పడొద్దని మాత్రం చెప్పను. నేను పడ్డాను, మస్తుగా పడ్డాను.

డెబ్బైల మొదట్లో అఫ్జల్‌గంజ్ దగ్గర సర్కారు బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో హెల్పర్‌గా చేరాను. నాతోపాటే కిషన్‌బాగ్ నుంచి ఇంకొకడు చేరాడు, నాకంటే చిన్నవాడు. ఇద్దరం ఒకే ఉస్తాద్ కింద పనిచేసేవాళ్లం. డీజిల్ పంపు టైమింగ్ కట్టడంలో, అంటే ఇంజనుకు సరైన క్షణంలో డీజిల్ అందేలా పంపు బిగించడంలో, ఆయనకు పేరు. ఆ పని వచ్చినవాడే పరీక్షలో నెగ్గి ఫిట్టర్ అవుతాడు. ఖాళీ ఒక్కటే ఉంది.

పంపు బిగించే వేళకు ఉస్తాద్ నన్ను ఇరానీ హోటల్‌కు చాయ్ కోసం, వాణ్ణి సామాను కోసం స్టోరుకు పంపేవాడు. తిరిగొచ్చేసరికి బండి స్టార్టయి ఉండేది. నా చేతి చాయే తాగుతాడని నేను పొంగిపోయేవాణ్ణి.

ఒకరోజు నేను పక్క బండి కింద పడుకుని పనిలో ఉంటే, ఉస్తాద్ చాయ్‌కి వాణ్ణి పొమ్మన్నాడు. వాడు పనిముట్ల పెట్టె వెనకనుంచి ఫ్లాస్కు తీశాడు.

"ముందే తెచ్చి పెట్టిన ఉస్తాద్. పొయ్యమంటవా?"

ఉస్తాద్ నవ్వాడు. "బడా హుషార్ ఉన్నవ్ రా. నిలబడు. నడుమల మాట్లాడకు."

పని కంటపడకుండా నన్ను పక్కకు తప్పిస్తున్నాడని అప్పుడు తెలిసింది. వాడికి ముందే తెలిసింది.

పరీక్షలో పంపు మీద చెయ్యి పెట్టి ఆగిపోయాను. వాడు ఫిట్టర్ అయ్యాడు. ఉస్తాద్‌ను కాకాపట్టి పైకెక్కాడని హోటల్లో అందరితో అన్నాను. వాణ్ణి ఎవరైనా "ఫిట్టర్ సాబ్" అని పిలిస్తే అక్కడ నిలబడలేకపోయేవాణ్ణి.

మళ్లీ ఖాళీ వచ్చేసరికి ఉస్తాద్ రిటైరైపోయాడు. ఆ పని తెలిసినవాడు వాడొక్కడే. నెలల తరబడి వాడితో మాట్లాడని నేను వెళ్లి, నేర్పుతవా అని అడిగాను.

"ఇన్నిరోజులు ఏం చేసినవ్ అన్నా? నీ పక్కనే ఉన్న గద" అన్నాడు.

ఎత్తిపొడిచినా బాగుండేది. పళ్లు బిగబట్టి వాడి పక్కనే నిలబడి నేర్చుకున్నాను. మీరూ అంతే చేయండి. ఎవర్ని చూస్తే కడుపు మండుతుందో, మీకు రాని పని వాడి దగ్గరే ఉంటుంది. మంట చల్లారాక అడుగుదామని కూర్చుంటే పోస్టు పోతుంది.

నేను ఫిట్టర్ అయిన రోజు వాడే మిఠాయి తెచ్చి, మా అన్న పాసైండని షాపంతా పంచాడు. అప్పటికే వాడు మా అందరికీ పైవాడు. నా చేతిలోనూ ఒకటి పెట్టాడు. తిన్నాను గానీ, మంట ఇంకా చల్లారలేదు.