వకుళ మేడం చూడని సగం

మొన్న చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సు కోసం నిలబడి ఉంటే, వెనక ఎవరి ఫోనో మోగింది. వేణువు లాంటి వాద్యం మీద నెమ్మదిగా పైకెక్కి, ఇంక ఎక్కలేక జారిపోయే చిన్న బాణీ. ఎవరో ఫోనెత్తి "ఆ, చెప్పప్పా" అన్నారు. బాణీ తెగిపోయింది. నేను మాత్రం బస్సు సంగతి మరిచి పక్కనున్న సిమెంటు బల్ల మీద కూర్చుండిపోయాను. అది ఒక జపాను యానిమే సిరీస్ బాణీ. దాని అసలు పేరు పలకడానికి నాకు నేటికీ నోరు తిరగదు. దాన్ని నాకు చూపించిన వకుళ మేడమూ నేనూ "ఓడ" అని పిలుచుకునేవాళ్లం.

ఏర్పేడు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో, ఫిజిక్స్ ల్యాబులో నా మొదటి ఉద్యోగం. మేడం ఆ విభాగానికి పెద్ద. నుదుట సన్నటి శ్రీచూర్ణం గీత, గంజి పెట్టిన నేతచీర, భుజాన ఎప్పుడూ ఒక పాత లాప్‌టాప్ సంచి. ఆవిడ గట్టిగా నవ్వగా ఎవరూ చూసి ఉండరు. నేను చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా మూత తీస్తూ, "నువ్వు కార్టూన్లు చూస్తావా?" అని అడిగారు. పరీక్షిస్తున్నారేమోనని బిత్తరపోయి లేదన్నాను.

"కార్టూన్ కాదులే. అట్లంటే మావాడు ఒప్పుకోడు. యానిమే అనల్లంట. ఒకటి ఉండాది, చూడు. సినిమాలూ సిరీస్‌లూ కలిపి చానా ఉండాయి. నెట్‌లో ఒక్కొక్కరు ఒక్కో వరస చెప్తారు, అవేం పట్టించుకోవద్దు. మొదట వచ్చిందాంతోనే మొదలుపెట్టు. బొమ్మలు బాగుండవు, కొంచెం ఓర్చుకో."

"మీ అబ్బాయి ఏం చదువుతున్నాడు మేడం?" అన్నాను. ఆవిడ డబ్బా మూత మళ్లీ పెట్టేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. గాజు సామాను తుడుస్తున్న ఆయా నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఆ పిల్లోడు పోయి రెండేండ్లాయెనమ్మా. మద్రాసులో హాస్టల్లో ఉండి సదువుకుంటా ఉండినాడు. డెంగీ జొరం. ఈయమ్మ పోయేలోపలే అయిపోయింది."

ఓడ చూడటానికి జాలితోనే మొదలుపెట్టాను. భూమిని వదిలి అంతరిక్షంలో దూరంగా పోతున్న ఒక పెద్ద ఓడ, అందులో మరమ్మతులు చేసే మిహో అనే అమ్మాయి, భూమ్మీద ఉండిపోయిన ఆమె తల్లి. ఓడ దూరమయ్యే కొద్దీ ఒకరి మాట ఒకరికి చేరడానికి మొదట గంటలు, తర్వాత నెలలు, ఆ తర్వాత ఏళ్లు పడుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళ మేడం నన్ను కూర్చోబెట్టి ఒక్కో ఎపిసోడ్ విప్పి చెప్పేవారు. "పేలింది సరే, గాలే లేనిచోట శబ్దం యాడ్నించి వస్తుంది? పోనీలే, పిల్లలు బయపడల్ల గదా" అని తప్పు పట్టి, వెంటనే క్షమించేసేవారు. డిగ్రీలో కాంతివేగం గురించి బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్న నాకు, మనం చూసే ప్రతి వెలుగూ పాతదేననీ, అది బయల్దేరిన చోటు ఇప్పుడు లేకపోయినా మనకు తెలియదనీ నిజంగా అర్థమయింది ఆ పెరుగన్నం బల్ల దగ్గరే. నేనివాళ పాఠం చెప్పుకుని బతుకుతున్నానంటే ఆ మధ్యాహ్నాల పుణ్యమే.

ఆ లాప్‌టాప్ కొడుకుది. "అమ్మా, ఇది చూడు" అని వాడు ఎన్నిసార్లు పిలిచినా, దిద్దాల్సిన పేపర్లున్నాయని ఆవిడ ఒక్కసారీ కూర్చోలేదట. వాడు పోయాక తెరిస్తే, మూడో సిరీస్ మధ్యలో ఆగిపోయిన బొమ్మ కనిపించింది. మిహో శిరస్త్రాణం పెట్టుకుని, ఓడ బయటి తలుపు పిడి మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. మేడం మొదటి నుంచి మొదలుపెట్టి సరిగ్గా అక్కడి దాకా చూశారు. మళ్లీ మొదటికి వెళ్లారు. మళ్లీ అక్కడే ఆగారు. అలా ఎన్నిసార్లో.

"నువ్వు దాటి చూసుకో. నాకు మాత్రం చెప్పొద్దు" అన్నారు. నేను చివరిదాకా చూశాను. చూసిన మర్నాడు ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను.

శ్రీహరికోట నుంచి రాకెట్ వెళ్లే ఒక సాయంత్రం పిల్లలంతా మిద్దె ఎక్కారు. ల్యాబులో మేమిద్దరమే మిగిలాం. మేడం లాప్‌టాప్ తెరిచి ఆ బొమ్మనే చూస్తూ, తల తిప్పకుండా అడిగారు. "ఆ పిల్ల మళ్లా లోపలికి వస్తుందా?"

నేను బల్ల మీదున్న తీగలు చుట్టడం మొదలుపెట్టాను.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. నా బిడ్డ సంగతి అందరూ నాకు దాచి దాచి చెప్పినారు. నువ్వన్నా సరిగ్గా చెప్పు."

"రాదు మేడం. తలుపు బయటే ఉండిపోతుంది. ఓడ వెళ్లిపోతుంది."

"వాళ్లమ్మకు తెలుస్తుందా?"

"చాలా ఏళ్లకి. ఆ కబురు భూమికి చేరాలి కదా. అప్పటిదాకా ఆవిడ రోజూ కూతురితో మాట్లాడుతూనే ఉంటుంది. వంటేం చేసిందో, వానెప్పుడు పడిందో, అన్నీ చెబుతూనే ఉంటుంది."

పైన పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టారు. తూర్పున వెలుగు లేచినట్టుంది. మేడం కిటికీ వైపు కూడా చూడలేదు.

"ఆయమ్మే నయం. అన్నేండ్లూ బతికే ఉండాడనుకునింది" అన్నారు. మిహో ఆడపిల్ల అని ఆవిడకు ఆ క్షణాన గుర్తు లేదు. లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుని, ల్యాబు తాళాలు నా చేతికిచ్చి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆవిడ ఓడ మాట ఎత్తలేదు. పాఠాలు మామూలుగానే చెప్పేవారు. భోజనానికి మాత్రం రావడం మానేశారు. కొన్నాళ్లకు సెలవు పెట్టారు. నేను తిరుపతిలో ఆవిడ ఇంటికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. పలకరిస్తే కళ్లు తెరిచి, "తిన్నావా?" అని ఒక్కమాట అడిగి మళ్లీ మూసుకున్నారు. వానాకాలం దాటలేదు. గుండె ఆగింది అన్నారు. అది ఎప్పుడో ఆగిపోయిందని నాకు తెలుసు.

కర్మలన్నీ అయ్యాక ఆవిడ భర్త వరదాచారిగారు నన్ను వాకిట్లోకి పిలిచారు. గుడి ఆఫీసులో ఫైళ్లు తప్ప వేరే లోకం తెలియని మనిషి. కండువాతో ముఖం తుడుచుకుంటూ, "ఆ కంప్యూటర్లో బిడ్డా చూసినాడు, ఆమే చూసింది. నేనెప్పుడూ పక్కన కూచోలేదమ్మా. యాడ మొదలుపెట్టల్లో నాకూ చెప్తావా?" అన్నారు.

వద్దనాలనే అనిపించింది. అయినా మొదటి దాంతోనే అని చెప్పాను. బొమ్మలు బాగుండవు, ఓర్చుకోండి అని కూడా చెప్పాను.

ఇప్పుడు అప్పుడప్పుడూ ఫోను చేస్తారు. "కిందొచ్చే ఇంగ్లీషు చదివేలోపల పోతా ఉండాదమ్మా. ఆపి ఆపి చూస్తా ఉండా. ఆ పిల్ల చానా తెలివైందమ్మా, మనోడి మాదిరే" అంటారు. ఆ గొంతులో, ఇంట్లో ఎవరో ఉన్నప్పటి సందడి ఉంటుంది. పోయిన వారం మూడో సిరీస్ మొదలుపెట్టానన్నారు. ఒకరోజు ఆయనా అదే ప్రశ్న అడుగుతారు. వకుళ మేడం నాకు ఎన్నో నేర్పారు. ఆ రోజు ఏం చెప్పాలో మాత్రం నేర్పకుండానే వెళ్లిపోయారు. ఆయన నంబరు తెరమీద కనిపించిన ప్రతిసారీ, కాసేపు మోగనిచ్చి తీస్తున్నాను.