సెలూన్ కుర్చీలో పంటి పాఠం

మా అన్నయ్య చేయగా నేను చూసిన ఆఖరి పని, కూతుర్ని సెలూన్ కుర్చీ ఎక్కించడం. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ. నేను అన్నం క్యారియర్ పట్టుకుని వెళ్ళేసరికి నాలుగు తువ్వాళ్ళు మడిచి ఎత్తు పెట్టి, వాటి మీద నాలుగేళ్ళ పిల్లను కూర్చోబెడుతున్నాడు. దాన్ని మేమంతా ఉడత అంటాం. కుడివైపు పన్ను పుచ్చి, అటు నమలడం మానేసి పది రోజులైంది. మర్నాడు పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. అంతకుముందు జ్వరం వచ్చినప్పుడు నర్సు వేలు కొరికిన ఘనురాలు కనుక, ఈ తయారీ.

"అక్కడా ఇట్లాంటి కుర్చీయే. ఇదిగో, ఇలా వెనక్కి వాలుతుంది."

"పడిపోతానేమో నాన్నా!"

"పద్దెనిమిదేళ్ళుగా వాలుస్తున్నాను. ఒక్కడు పడ్డాడా?"

ట్రిమ్మర్ వేసి దాని చెంప పక్కన పట్టుకున్నాడు. "వాళ్ళ మిషనూ ఇలాగే గుయ్యిమంటుంది. పట్టించుకోకు, ఉత్త వాగుడుకాయ."

"నొప్పి పుడుతుందా?"

"కాస్త పుడుతుంది. పుడితే చెయ్యెత్తు, ఆపేస్తారు."

"ఏమీ పుట్టదని చెప్పరాదా అన్నయ్యా?" అన్నాను.

"నువ్వూరుకోవే. ఒక్క అబద్ధం దొరికిందా, మళ్ళీ ఏ కుర్చీ ఎక్కదు."

వీధిలో పిల్లలందరికీ తొలి క్రాఫు చేసింది అతనే. ముందు కత్తెర చూపించేవాడు, దువ్వెన చేతికిచ్చేవాడు, మెడ మీద నీళ్ళు చల్లబోయే ముందు "చల్లగా ఉంటుంది" అని చెప్పేవాడు. పెద్దవాళ్ళతో ఇన్ని మాటలు మాట్లాడేవాడు కాదు. నాతో అసలే కాదు.

తరవాత ఉడత మెడకు గుడ్డ కట్టాడు. అలవాటుగా రెండు వేళ్ళతో గడ్డం పైకెత్తాడు. అది చటుక్కున పెదాలు బిగించి, నాలుకతో లోపలి నుంచి బుగ్గ ఉబ్బించింది. పుట్టినప్పటి నుంచీ అది చూసింది గడ్డం గీయించుకునేవాళ్ళనే మరి. అన్నయ్య పడీపడీ నవ్వాడు. అంతలో ఎవరో లోపలికొచ్చారు. "నోరు తెరవడం రేప్పొద్దున నేర్పుతాలే, దిగు," అన్నాడు.

మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తుతూ పడిపోయాడు. గుండె అన్నారు. నలభై ఒకటి నిండలేదు.

నేను ఏడవలేదు. సెలూన్ తువ్వాళ్ళన్నీ ఉతికి ఆరేశాను. ఆరాక మళ్ళీ ఉతికాను. రెండు వారాలకు ఉడత రెండోవైపు నమలడం కూడా మానేసింది. "నా వల్ల కాదు, నువ్వే తీసుకెళ్ళు," అంది వదిన, గోడవైపు తిరిగి పడుకుని.

డాక్టరమ్మ గదిలో ఉడత తనంతట తానే కుర్చీ ఎక్కింది. వాలినా బెదరలేదు. మెడకు కాగితపు గుడ్డ కట్టగానే పెదాలు బిగించి బుగ్గ ఉబ్బించింది.

"నోట్లో ఏం దాచావు తల్లీ?"

"గీసుకోండి," అంది ఉడత, మళ్ళీ నోరు మూసేస్తూ.

డాక్టరమ్మ నా వంక చూసింది. జరిగిందంతా రెండు ముక్కల్లో చెప్పాను. వేరేవాళ్ళ సంగతి చెబుతున్నట్టే ఉంది నాకు. ఆమె ఉడత చెంపను బయటి నుంచే వేళ్ళతో తడిమింది. తరవాత నెమ్మదిగా, "దవడ కూడా వాచినట్టుంది. ఇంకా ఆలస్యమైతే పీకాల్సి వస్తుంది. ఎలాగైనా నోరు తెరిపించండి," అంది.

"'ఆ' అనవే ఉడతా," అన్నాను.

"నాన్న అది నేర్పలేదు."

నోరు తెరవమని నాన్న చెప్పమన్నాడు అనే అబద్ధం నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. కుర్చీలో నేను కూర్చుని దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. "నాకూ నేర్పలేదు. ఇద్దరం ఇప్పుడే నేర్చుకుందాం," అని నా నోరు తెరిచాను. అది తల వెనక్కి తిప్పి నా నోట్లోకి చాలాసేపు చూసింది.

"అత్తా, నీకు రెండు పుచ్చిపోయాయి. ఛీ!" అని, తనకు ఒకటేనని చూపించడానికి నోరు తెరిచింది.

మధ్యలో ఒకసారి చెయ్యెత్తింది. డాక్టరమ్మ వెంటనే ఆపింది. అది చెయ్యి దించాకే మళ్ళీ మొదలుపెట్టింది. పన్ను దక్కింది.

బయట బల్ల దగ్గర పేర్లు రాసుకునే అమ్మాయి పుస్తకం తిప్పింది. "రెండు వారాల కిందట మీరు రావలసిన రోజుకి రెండు నంబర్లు తీసుకున్నారండీ. పాపది అయింది కదా. రెండోది ఉంచనా, కొట్టెయ్యనా?"

"రెండోది ఎవరికి?"

పుస్తకం నావైపు తిప్పింది. అన్నయ్య పేరు. పక్కన ఆ అమ్మాయి రాత: ఎడమ దవడ నొప్పి, వారం నుంచి. చెయ్యి దాకా లాగుతోందట.

"ఫోన్‌లో చెప్పారండీ," అంది ఆ అమ్మాయి. "నాది తొందరేం లేదు, ముందు పాపని చూడండి అన్నారు."