అత్తమ్మ తాగదని చెప్పాను

మామయ్య పోయినప్పటి నుంచి అత్తమ్మకు సరిగా నిద్ర పట్టడం లేదు. తెల్లవార్లూ మంచం మీద అటూ ఇటూ దొర్లి, పొద్దున పొయ్యి దగ్గరికొచ్చి "కన్ను మూస్తే గుండె గుబగుబ అంటది బిడ్డా" అనేది. చివరికి నాందేడ్‌లో మా ఇంటికి దగ్గరున్న డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను.

డాక్టరు అన్నీ ఓపికగా అడిగాడు. చీటీ రాయబోతూ కలం ఆపి, "ఆజీ దారూ వగైరే ఘేతాత్ కా?" అన్నాడు. పెద్దావిడ తాగుతుందా అని. గది తలుపు బార్లా తెరిచి ఉంది. బయట బెంచీ మీద మా బడిలో నాతో పాటు పాఠాలు చెప్పే ఆవిడ కూర్చుని ఉంది. నా ముఖం కందిపోయింది. అత్తమ్మ నోరు తెరిచేలోపే "నాహీ, నాహీ" అన్నాను. మా ఇంట్లో అట్లాంటి అలవాట్లే లేవని అడగని మాట కూడా మరాఠీలో చేర్చాను.

నిజానికి అత్తమ్మ కల్లు తాగుతుంది. రోజూ కాదు. తెలుగు సరిహద్దు దగ్గరి కుండల్‌వాడిలో ఆమె పుట్టింటివాళ్లు పోచమ్మకు పండుగ చేసుకున్నప్పుడు, అమ్మవారి ముందు సాకగా కొంచెం నేల మీద ధారపోసి, మిగిలిన కల్లు ఆడా మగా అందరూ తాగుతారు. వాళ్లకది ప్రసాదం. చిన్నప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని నేనూ గుటకలు వేసినదాన్నే. కల్లును ఇక్కడ శిందీ అంటారు. మరాఠీ బడిలో తోటిపిల్లలు "శిందీ తాగేటోళ్లు" అని నవ్వినప్పటి నుంచి ఆ వాసనంటేనే నాకు తలవంపు. నాలుగు మరాఠీ ముక్కలు తప్పుల్లేకుండా మాట్లాడటం రాగానే నావాళ్లంతా నాకు మోటుగా కనిపించారు. డాక్టరు దగ్గరా వకీలు దగ్గరా ఏదీ దాచొద్దంటారు. ఆ మాట పిల్లలకు నేనే చెబుతుంటాను.

డాక్టరు నిద్ర గోలీలు రాశాడు. తాగేవాళ్లకు చెప్పే జాగ్రత్తలు తాగని మనిషికి ఎందుకు చెబుతాడు? చెప్పలేదు.

ఆషాఢంలో పోచమ్మకు చేస్తున్నామని అత్తమ్మ పుట్టింటి నుంచి కబురొచ్చింది. అత్తమ్మ సంబరంగా పోయి, సాయంత్రానికి జీపులో తిరిగొచ్చింది. కళ్లు మత్తుగా ఉన్నాయి, మాట ముద్దగా వస్తోంది. నాకు వెంటనే తెలిసిపోయింది. వాసన పక్కింటికి పోతుందేమోనని లేచి కిటికీ మూశాను గానీ, గోలీ సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

"యాల్లకు ఏసుకొమ్మన్నడు గద డాక్టర్ సాబ్" అంటూ రోజులాగే గోలీ నోట్లో వేసుకుంది. నీళ్ల గ్లాసు అందించింది నేనే.

పొద్దున చాయ్ ఇద్దామని లేపితే లేవలేదు. ఊపిరి ఉండీ లేనట్టుంది. ఒకసారి పీల్చాక మళ్లీ పీలుస్తుందా లేదా అని చూస్తూ నిలబడాల్సి వచ్చింది. పెదవులు నీలం తిరిగాయి. మా ఆయన ఆమెను చేతుల మీద ఎత్తుకున్నాడు. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి తన కారు తీసింది.

దవాఖానలో ఏం మింగిందని అడిగారు. గోలీల అట్ట చూపించాను. "ఇంకేమైనా తీసుకుందా?" అన్నాడు అక్కడి డాక్టరు. పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని పక్కనే ఉంది. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అక్కడ ప్రాణం కొట్టుకుంటుంటే, నేను తల తిప్పి పక్కింటావిడ ముఖం చూశాను. ఆ తర్వాతే "శిందీ" అన్నాను, అదీ నోట్లోనే.

"మోఠ్యానం సాంగా!" అని గద్దించాడు డాక్టరు. గట్టిగా చెప్పాను. హాలంతా వినపడింది. పక్కింటావిడ నా చెయ్యి వదల్లేదు.

ఆ గోలీ, కల్లు, రెండూ ఊపిరిని మందగించేవేనట. ఒకదానికొకటి తోడైతే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చట. పైగా నిషా కోసం కల్లులోనే మత్తుమందు కలిపేవాళ్లున్నారని, ఆమె ఒంట్లోకి ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరని అన్నాడు. ముందే తెలిసి ఉంటే ఏ డాక్టరూ ఆ గోలీ అట్లా రాసివ్వడు అన్నప్పుడు మా ఆయన నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను.

మర్నాడు అత్తమ్మ కళ్లు తెరిచింది. వార్డు నిండా జనం. చూడ్డానికొచ్చిన డాక్టరమ్మ, ఈసారి నన్ను కాకుండా ఆమెనే అడిగింది, శిందీ ఎప్పుడెప్పుడు తాగుతావని. అత్తమ్మ ముందు నా ముఖంలోకి చూసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"నై మేడం, నేను తాగ."

జన్మలో ఎవరి ముందూ దాచుకోని మనిషి. నేనే అడ్డుపడి, తాగుతుందని, ఎప్పుడెప్పుడు తాగుతుందో కూడా మరాఠీలో చెప్పాను. డాక్టరమ్మ అటు పోగానే వంగి అడిగాను.

"గట్లెందుకు అన్నవ్ అత్తమ్మా?"

ఆమె గొంతు ఇంకా నీరసంగానే ఉంది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"గింతమందిల తాగుతనంటే నీ ఇజ్జత్ పోదా బిడ్డా? అగో, అందరు నిన్నే సూస్తుండ్రు."